చాటింపు ఊరికి చేరింది, మాట ఇంటికి చేరిందా?

మానుకోట (మహబూబాబాద్) జిల్లా బయ్యారానికి మైకు కొత్త కాదు. ఉక్కు ఫ్యాక్టరీ తెస్తామని ఏ పార్టీ ఏ ఎన్నికల్లో చెప్పిపోయిందో అక్కడివాళ్లకు కంఠతా వచ్చు. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టంలోనూ అప్పటి ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం పెట్టే వీలుందేమో చూడాలని రాసుకున్నారు. 2016లో జిల్లాలు మారాయి, బయ్యారం మహబూబాబాద్‌లోకి వచ్చింది. ఇనుపరాయి మాత్రం గుట్టల్లోనే ఉండిపోయింది. అలాంటి చోటుకు 2020 మార్చిలో మళ్లీ మైకు వచ్చింది. ఈసారి ఇంట్లోంచి కదలొద్దని చెప్పడానికి. కరోనా కాలంలో జనానికి ఏం చెప్పాం, వాళ్లు ఏం విన్నారు అని వెనక్కి చూసేవాళ్లు సాధారణంగా మొదటి కేసు దగ్గర మొదలుపెడతారు. నేనైతే ఇంకా వెనకనుంచి మొదలుపెట్టాలంటాను. చెప్పేవాడి మాట నమ్మాలా వద్దా అన్నది రోగం రాకముందే సగం తేలిపోయి ఉంటుంది.

రోగం గురించి జనానికి వేళకు, నిజంగా చెప్పడం ఒక పని. ఆ జనాన్నే పనిలో కలుపుకోవడం, వాళ్లు చెప్పేది వినడం రెండో పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రెంటినీ ఒకే జంటగా చూస్తుంది. మన దగ్గర మొదటిది జోరుగా జరిగింది, రెండోది అక్కడక్కడా జరిగింది. ఆ రోజుల ప్రభుత్వ ఉత్తర్వులు, కోర్టు మాటలు, పత్రికల వార్తలు, ఆశా వర్కర్ల డిమాండ్లు వరసగా పెట్టి చూస్తే నాకు కనిపించేది ఒకటే. జనం మాటను, ఆ మాటతో పాటు గుమ్మం దాకా ఏం వచ్చిందో దాన్ని బట్టి తూచారు. బియ్యం వచ్చిందా, వడ్లు కొన్నారా, పడుకోవడానికి ఒక గది చూపించారా, అడిగినదానికి జవాబిచ్చే మనిషి వచ్చిందా? ఒట్టి మాట వచ్చినచోట భయమైనా పుట్టింది, నవ్వైనా పుట్టింది.

నవ్వుతోనే మొదలుపెడదాం. 2020 ఫిబ్రవరి మొదటివారంలో మేడారం జాతర లక్షలాది జనంతో ముగిసింది. తెలంగాణలో మొదటి కేసు మార్చి 2న బయటపడింది. ఈ మధ్యలో రోగం కంటే ముందు పుకారు వచ్చింది, కోడికూర తింటే కరోనా వస్తుందని. కోళ్ల రైతులు వచ్చినకాడికి అమ్ముకున్నారు. ఫిబ్రవరి ఆఖరులో హైదరాబాద్‌లో మంత్రులు వేదికెక్కి అందరి ముందూ చికెన్ తిన్నారు. ఇది చూసి నవ్వినవాళ్లున్నారు కానీ, నా లెక్కలో అది తెలివైన పనే. పుకారును ఖండిస్తూ పత్రికా ప్రకటన ఇస్తే చదివేదెవరు? నమలడం చూస్తే అర్థం కాని మనిషి లేడు. అయితే కొద్ది రోజులకే అసెంబ్లీలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ దీనికి పారాసిటమాల్ గోలీ చాలన్న ధోరణిలో మాట్లాడారు. మార్చి 24న మాట వినకపోతే కనిపిస్తే కాల్చివేత ఉత్తర్వు ఇవ్వాల్సి వస్తుందని హెచ్చరించారు. మూడు వారాలు తిరక్కుండానే గోలీ కాస్తా తుపాకీ అయింది. రోగం గురించి తెలిసింది మారుతుంటే మాటా మారక తప్పదు. కానీ ఎందుకు మారిందో చెప్పకపోతే వినేవాడికి రెండు మాటల మీదా గురి పోతుంది.

ఈ గురి పోవడం ఎంత ప్రమాదమో చెప్పే ఘటన ఒకటి అప్పటికే జరిగింది. ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లాలో ఒక రైతు, తనకు వచ్చిన మామూలు జ్వరం కరోనాయేనని నమ్మాడు. ఫోన్లో చైనా వీడియోలు చూసి, ఇంటివాళ్లను దగ్గరికి రానివ్వక, చివరికి ప్రాణం తీసుకున్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికి ఒక్క కేసూ లేదు. రోగం కంటే ముందు వీడియో వచ్చింది. దాన్ని అడ్డుకుని, అతని పక్కన కూర్చుని ఇది అది కాదు అని రెండుసార్లు చెప్పే మనిషి రాలేదు. తప్పుడు సమాచారం వెల్లువ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది కూడా అదే నెలలో. అది జెనీవాలో సిద్ధాంతం, ఇక్కడ ఒక ఇంటి చావు.

ఇక మాట పనిచేసిన సందర్భాలు చూద్దాం. లాక్‌డౌన్ వచ్చింది సరిగ్గా యాసంగి వరి కోతల ముందు. రైతు భయం కరోనా కాదు, వడ్లు ఎక్కడ అమ్మాలన్నది. వడ్లన్నీ ఊళ్లోనే కొంటాం, టోకెన్ తీసుకుని మీ వంతు వచ్చినప్పుడే రండి అని ప్రభుత్వం చెప్పింది, వేల సెంటర్లు తెరిచి కొన్నది. కాంటా దగ్గర తరుగు గొడవలు ఎప్పటిలాగే ఉన్నాయి, అది వేరే సంగతి. కానీ దూరం పాటించండి అన్న మాట ఆ టోకెన్ రూపంలో చేతికి వచ్చింది కాబట్టి రైతుకు అర్థమైంది. తెల్లకార్డుకు మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు, వలస కూలీలకు 12 కిలోల బియ్యమో పిండో, 500 రూపాయలు ప్రకటించారు. ఇవి సంక్షేమ పథకాలే. ప్రమాద సమాచారం కూడా ఇవే. ఇంట్లో ఉండు అని చెప్పే హక్కు, ఇంట్లో ఉంటే పొయ్యి వెలిగేలా చూసినవాడికే వస్తుంది.

ఆ మాట చేరని చోట ఏమైంది? మహబూబాబాద్, ములుగు ప్రాంతాల మిర్చి తోటలకు ఏటా ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు వస్తారు. లాక్‌డౌన్‌లో ఎక్కడివాళ్లు అక్కడే ఉండండి అన్నారు. పని ఆగిపోయాక అక్కడే ఉండి తినేదేమిటో చెప్పినవాళ్లు అందరినీ చేరలేదు. ములుగు జిల్లా మిర్చి తోటల నుంచి సొంతూరు బీజాపూర్ జిల్లాకు అడవిదారిన నడిచిన గుంపులో ఒక 12 ఏళ్ల ఆదివాసీ పిల్ల, ఇల్లు ఇక దగ్గరే అనగా 2020 ఏప్రిల్ 18న చనిపోయింది. ఉత్తర్వులో లోపం లేదు. ఆ ఉత్తర్వు చదివి వినిపించడానికి తోట దగ్గరికి వెళ్లిన మనిషి, వెంట బియ్యం మూట, రెండూ లేవు. అదే కాలంలో అప్పటి ములుగు ఎమ్మెల్యే సీతక్క నెత్తిన మూట పెట్టుకుని వాగులు దాటి గొత్తికోయ గూడేలకు వెళ్లడం దేశమంతా చూసింది. ఆమె కోయ బిడ్డ, ఆ గూడేల భాష తెలిసిన మనిషి. ఫొటోల గురించి గుసగుసలు ఎప్పుడూ ఉంటాయి. నాకు మాత్రం ఆ ఫొటోల్లో కనిపించింది వేరు. మనిషి, భాష, మూట మూడూ ఒక్కసారే చేరాయి.

భాష సంగతి ఇక్కడే చెప్పాలి. బయ్యారం, గార్ల, కొత్తగూడ, గంగారం వైపు కోయ గూడేలు, లంబాడా తండాలు పక్కపక్కనే ఉంటాయి. తెలుగు అందరికీ వచ్చు, నిజమే. కానీ ముసలవ్వకు జబ్బు గురించి భయం వేసినప్పుడు ఆ భయం తెలుగులో వేయదు. ఫోన్ చేస్తే ముందు దగ్గు, తర్వాత హితబోధ వినిపించిన ఆ కాలర్ ట్యూన్‌ను తండాల్లోనే కాదు, పట్నంలోనూ జనం ఎప్పుడు ముగుస్తుందా అని చూశారు. దానికంటే జహీరాబాద్ వైపు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలు 2008 నుంచి నడుపుతున్న సంఘం రేడియోలో, తమ యాసలో, తెలిసిన గొంతుతో వచ్చిన మాట ఎక్కువ పనిచేస్తుంది. అలాంటి రేడియో మానుకోట అడవిపట్టుకు కూడా ఉండాల్సింది.

ఊరు తనంతట తాను చేసినదాన్ని తక్కువగా చూడకూడదు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో వందల తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. 2019 జనవరి ఎన్నికల్లో గెలిచిన సర్పంచులకు కరోనా వచ్చేనాటికి ఏడాది అనుభవం. వీళ్లే 2020 మార్చిలో ఊరి దారికి ముళ్లకంపలు, మొద్దులు అడ్డం వేసి, బయటివాళ్లు రావద్దని బోర్డులు పెట్టారు. గత్తర వస్తే పొలిమేర కట్టుకున్న పాత అలవాటు ఊళ్లకు ఉంది, ఎవరూ నేర్పనక్కర్లేదు. డప్పు చాటింపు, చాలా పంచాయతీలకు అప్పటికే వచ్చిన ట్రాక్టరు, దానికి మైకు, అన్నీ కలిసొచ్చాయి. ఆ ట్రాక్టరు ట్యాంకరులో హైపోక్లోరైట్ కలిపి వీధులన్నీ పిచికారీ చేయడం మాత్రం ఒట్టి తతంగం. రోడ్ల మీద చల్లడం వల్ల ప్రయోజనం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలోనే చెప్పింది. ఘాటు వాసన వచ్చింది కాబట్టి ఏదో జరుగుతోందన్న ధైర్యం మిగిలింది. గాలి గురించి, కిటికీల గురించి చెప్పాల్సిన సమయమంతా బ్లీచింగ్ పౌడరు తినేసింది.

ముళ్లకంపకు ఇంకో ముఖం కూడా ఉంది. బయటివాణ్ని ఆపిన కంపే, ముంబయి నుంచి, హైదరాబాద్ నుంచి తిరిగొచ్చిన సొంతూరి బిడ్డను కూడా ఆపింది. పై ఉత్తర్వులు ఈ గుణాన్ని తగ్గించలేదు సరికదా, పెంచాయి. విదేశాల నుంచి వచ్చినవాళ్ల చేతిమీద ముద్రలు, ఇంటి తలుపుకు పోస్టర్లు. ఇలా పోస్టర్లు అంటించడం అవసరం లేదని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో తేల్చేసరికి ఊరంతా ఆ ఇళ్లు చూసేసింది. కరీంనగర్‌లో ఇండోనేషియా మతబోధకులకు పాజిటివ్ రాగానే అధికారులు ఇంటింటికీ బృందాలను పంపి, వాళ్లు కలిసినవాళ్లను పట్టుదలగా వెతికారు. దేశమంతా మెచ్చుకున్న పని అది. అయితే మార్చి ఆఖరులో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో జరిగిన మతసమావేశం నుంచి కేసులు వచ్చాయన్న వార్త వచ్చాక రోగానికి మతం అంటుకుంది. ఎక్కడికి వెళ్లొచ్చారో చెప్పి పరీక్ష చేయించుకోండి అనాల్సిన చోట వేలు చూపించడం మొదలైంది. వేలు చూపిస్తే ఎవడైనా దాక్కుంటాడు.

దాక్కోవడం నేర్పిన ఉత్తర్వు ఇంకొకటుంది. 2020 ఏప్రిల్‌లో జ్వరం, దగ్గు మందులు కొనేవాళ్ల పేరు, చిరునామా, ఫోన్ నంబరు రాసుకోవాలని మెడికల్ షాపులకు చెప్పారు. పైనుంచి చూస్తే మంచి ఆలోచన. జ్వరం ఎక్కడుందో తెలుస్తుంది. కిందినుంచి చూస్తే ఏమవుతుంది? గోలీ కొంటే పేరు రాస్తారు, పేరు రాస్తే అంబులెన్సు వస్తుంది, అంబులెన్సు వస్తే వాడకట్టంతా చూస్తుంది. కాబట్టి గోలీ కొనరు, లేదా పక్కూరి మనిషితో తెప్పించుకుంటారు. ఊళ్లో మొదట చేయిపట్టి చూసేది ఆర్‌ఎంపీ. అతను డాక్టరు కాడు, అవసరం లేని సెలైన్లు పెడతాడు, నిజమే. కానీ ఎవరింట్లో ఎవరికి ఎప్పటినుంచి జ్వరమో ఊళ్లో అందరికంటే ముందు తెలిసేది అతనికే. అతన్ని హెచ్చరించారు, పక్కన పెట్టారు. కూర్చోబెట్టి, ఏ గుర్తు కనిపిస్తే పెద్దాసుపత్రికి పంపాలో నేర్పి, రోజూ ఫోన్ చేసి అడిగి ఉంటే పోయేదేముంది?

లెక్కలు దాస్తే ఏమవుతుందో కూడా మనకు పాఠమే. పరీక్షలు తక్కువ చేస్తున్నారని, బులెటిన్లలో వివరాలు లేవని తెలంగాణ హైకోర్టు 2020లో ప్రభుత్వాన్ని మళ్లీ మళ్లీ తప్పుబట్టింది. మా జిల్లాలో ఎన్ని కేసులు అన్న ప్రశ్నకు బులెటిన్‌లో జవాబు దొరక్కపోతే వాట్సాప్‌లో దొరుకుతుంది. అక్కడ దొరికే అంకెకు ఆకాశమే హద్దు.

రెండో ఉద్ధృతి నాటికి ఈ అప్పులన్నీ ఒకేసారి మీదపడ్డాయి. 2021 ఏప్రిల్‌లో ఒకవైపు మాస్కు లేకపోతే 1,000 రూపాయల జరిమానా, ఇంకోవైపు నాగార్జునసాగర్ ఉప ఎన్నిక సభలు. ఏప్రిల్ 14న హాలియా సభలో మాట్లాడిన ముఖ్యమంత్రికే 19న పాజిటివ్ వచ్చింది. ఆస్పత్రుల్లో మంచాలు దొరకని ఆ నెల 30నే వరంగల్, ఖమ్మం నగరపాలక ఎన్నికలు జరిపారు. మానుకోటకు అటు వరంగల్, ఇటు ఖమ్మం. ఆ రెండు ఊళ్లలో జెండాలు, మీటింగులు చూసొచ్చినవాడికి గుంపుగా ఉండొద్దని చెప్పబోయిన ఆశా వర్కర్ ముఖం ఎలా ఉండి ఉంటుంది? నాయకుడి పని ఆమె మాటను కొట్టేసింది. కోట్లు పెట్టి చేసిన ప్రచారం ఏ ఒక్క రోజులో వృథా అయిందని అడిగితే, నేనైతే ఆ ఎన్నికల రోజును చూపిస్తాను.

ఆ ఏడాది మే నెలలోనే నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం జనం తోసుకొచ్చారు. పంపిణీ ఆగింది, మే 31న కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతావాటికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనుమతిచ్చింది. దీన్ని మూఢనమ్మకం అని తీసిపారేయడం తేలిక. కానీ జనం కోణంలో చూడండి. ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు, ఉచితంగా ఇస్తున్నాడు, ఏమేం కలుపుతున్నాడో తెలుగులో చెబుతున్నాడు. అవతల కార్పొరేట్ ఆసుపత్రి లక్షల బిల్లు, అద్దం వెనక డాక్టరు, ఫోన్ ఎత్తని హెల్ప్‌లైన్. ఆ మందు పనిచేస్తుందని నేననడం లేదు. మన వ్యవస్థ ఖాళీగా వదిలిన కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుంటారు అంటున్నాను.

ఇదే మేలో తెలంగాణ చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే గట్టిదిగా కనిపించేది జ్వర సర్వే. ఆశా, ఏఎన్ఎం, పంచాయతీ సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి, లక్షణాలున్నవాళ్లకు పరీక్ష రిపోర్టు కోసం ఆగకుండా గుమ్మంలోనే మందుల కిట్టు ఇచ్చారు. పరీక్ష కోసం మండల కేంద్రం దాకా పోయి వరసలో నిలబడలేని తండా మనిషికి ఇది పెద్ద మాట. 2022 జనవరిలో మూడో ఉద్ధృతికీ ఇదే పని మళ్లీ చేశారు. గుమ్మంలో జరిగే సంభాషణ ఎలా ఉంటుందో ఈ పని చేసినవాళ్లందరికీ తెలుసు.

"అవ్వా, జరం గిట్ల ఉన్నదా?"

"ఏం లేదు బిడ్డా, మంచిగున్న."

లోపలి నుంచి దగ్గు వినిపిస్తూనే ఉంటుంది. అక్కడ ఆశా వెళ్లిపోదు. పోయినసారి మనవరాలి కాన్పుకు తోడొచ్చింది ఆమే, పోలియో చుక్కలు వేసింది ఆమే. గడపమీద కూర్చుంటుంది, మిరప ఏరను పోతున్నారా, కూలి ఎంతిస్తున్నారు అని అడుగుతుంది. పావుగంటకు అవ్వ నోరు విప్పుతుంది. రెండు రోజులుగా ఒళ్లు నొప్పులు, చెబితే తీసుకుపోతారని భయం, తీసుకుపోతే శవాన్ని కూడా ఇవ్వరట కదా అని. సర్వే కాగితంలో జ్వరం, దగ్గు రాయడానికి చోటుంది. శవం ఇవ్వరట కదా అన్న ప్రశ్నకు చోటు లేదు. ఆ ప్రశ్నలు పోగుచేసి సాయంత్రానికి పీహెచ్‌సీకి, అక్కడి నుంచి జిల్లాకు చేర్చి, రెండోరోజు జవాబు తెచ్చే దారి ఒకటి ఉండి ఉంటే, ఆ సర్వే సగం మందుల పంపిణీ, సగం చెవి ఒగ్గడం అయ్యేది.

అవ్వ భయానికి అంతర్జాతీయ చరిత్ర ఉంది. 2014లో పశ్చిమాఫ్రికాలో ఎబోలా వచ్చినప్పుడు మొదట శవాల్ని సంచుల్లో చుట్టి తీసుకుపోయారు, ఇంటివాళ్లు రోగుల్ని దాచారు. లైబీరియా రాజధాని మన్రోవియాలో వెస్ట్ పాయింట్ అనే మురికివాడను సైన్యంతో దిగ్బంధిస్తే అల్లర్లు జరిగి ఒక కుర్రాడు తూటాకు చనిపోయాడు. పది రోజుల్లో ఆ దిగ్బంధం ఎత్తేశారు. తర్వాత ఖననం తీరు మార్చారు. ఇంటివాళ్లు దూరం నుంచి చూడొచ్చు, ప్రార్థన చేయించుకోవచ్చు, ముందుగా వాళ్ల మాట అడగాలి అన్నారు. అక్కడి నుంచి దాచడం తగ్గింది. ఈ పాఠం పుస్తకాల్లోకి ఎక్కిన ఆరేళ్లకు మన ఊళ్లల్లో శవాలకు దారి ఇవ్వని గొడవలు, జేసీబీతో పూడ్చిన వీడియోలు చూశాం. చచ్చినవాడికి మర్యాద దక్కుతుందన్న నమ్మకం లేకపోతే బతికున్నవాడు జ్వరం చెప్పడు.

హోం ఐసోలేషన్ అన్న సలహా సంగతి కూడా ఇంతే. విడి గది, విడి బాత్రూమ్ వాడండి అని బోధించారు. 2021 మేలో నల్లగొండ జిల్లాలోని ఒక తండాలో 18 ఏళ్ల విద్యార్థి పాజిటివ్ వచ్చాక 11 రోజులు చెట్టు మీద గడిపాడు. ఒకే గది ఇల్లు, అందులో నలుగురు. వెదురు బొంగులతో మంచె కట్టుకుని, తాడుకు బక్కెట్టు కట్టి అన్నం పైకి లాక్కున్నాడు. పత్రికలు అతని తెలివిని మెచ్చుకున్నాయి. నిజానికి అది ప్రభుత్వ సలహాకు అతను రాసిన సమీక్ష. దగ్గర్లోని గిరిజన హాస్టలును ఐసోలేషన్ కేంద్రంగా తెరిచింది తర్వాతే. సలహా ఇచ్చేముందు తండాలో ఎన్ని ఇళ్లకు రెండో గది ఉందో సర్పంచును అడిగితే చాలు, అరగంట పని.

టీకా దగ్గరికి వచ్చేసరికి పాఠం కొంత వంటబట్టింది. మొదలు మాత్రం బాగాలేదు. 2021 జనవరిలో కొవాగ్జిన్‌కు మూడో దశ ఫలితాలు రాకముందే అనుమతివ్వడంతో ఆరోగ్య సిబ్బందిలోనే సందేహాలు పుట్టాయి. హైదరాబాద్‌లో తయారైన టీకా మీద తెలుగువాళ్లకే అనుమానం రావడం నాకు బాధగానే అనిపించింది, కానీ తప్పు జనానిది కాదు. జనవరి 16న గాంధీ ఆసుపత్రిలో మొదటి టీకా ఒక పారిశుద్ధ్య కార్మికురాలికి వేయడం మంచి నిర్ణయం. తర్వాత టీకా నమోదుకు జనం ముందుకు కోవిన్ పోర్టల్ వచ్చింది. 18 నుంచి 44 ఏళ్లవాళ్లు ఆన్‌లైన్‌లో స్లాటు పట్టాలన్నారు, అదీ మొదట్లో ఇంగ్లిష్‌లోనే. తెలుగు వచ్చేసరికి జూన్ అయింది. ఫోన్ సిగ్నల్ కోసం గుట్ట ఎక్కే గూడేనికి ఓటీపీ పంపడం ఏమిటో? స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ల మాటేమిటని సుప్రీంకోర్టు కూడా అడిగింది. ఇదే సమయంలో టీకా వేసుకున్నవాళ్లు రెండేళ్లలో చస్తారని ఒక ఫ్రెంచ్ శాస్త్రవేత్త పేరుతో అబద్ధపు సందేశం తిరిగింది. అది మాత్రం తెలుగులోనే, ఓటీపీ లేకుండా వచ్చింది.

తెలంగాణలో గాలి మారింది రెండు పనులతో. రేషన్ డీలర్లు, గ్యాస్ బండి వాళ్లు, ఎరువుల దుకాణదారులు, ఆటోడ్రైవర్లకు 2021 మే ఆఖరు నుంచి ప్రత్యేకంగా టీకా వేశారు. రోగం ఎక్కువమందికి అంటించే అవకాశం వాళ్లకు ఉందన్నది లెక్క. కానీ ఊళ్లో రోజూ వందమందితో మాట్లాడేదీ వాళ్లే. నేను వేసుకున్నా, ఏం కాలేదు అని రేషన్ డీలర్ అంటే టీవీ డాక్టరు అన్నట్టు కాదు. రెండోది, సూదినే ఇంటికి పంపడం. పొలం గట్టు మీద, పత్తి చేలో ఆపి వేశారు. 2021 డిసెంబరు ఆఖరుకు మొదటి డోసు నూరు శాతం అయిందని రాష్ట్రం ప్రకటించింది. పోర్టల్ చేయలేనిది కాళ్లు చేశాయి.

ఆ కాళ్లు ఎవరివి? 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలందరికీ పురస్కారం ప్రకటించింది. ఆ ఏడాది మొదట్లో తెలంగాణలో వాళ్ల పారితోషికం 7,500 నుంచి 9,750 రూపాయలకు చేరింది. 2023 సెప్టెంబరులో అదే ఆశాలు 18,000 స్థిర వేతనం కోసం సమ్మెకు కూర్చున్నారు. అంతర్జాతీయ పురస్కారం గొప్పదే, దాంతో కిరాణం రాదు. రాబోయే మహమ్మారిలో ఎవరి నోట మాట పంపాలో తెలిసిపోయింది కాబట్టి, ఆ నోరు అప్పటిదాకా ఆకలితో ఉండకుండా చూడటమే ప్రమాద సమాచార ప్రణాళికలో మొదటి పద్దు కావాలి. పోస్టర్ల ఖర్చు తర్వాత.

రెండో పద్దు సర్పంచు. 2020లో దారికి కంప వేసింది, ట్రాక్టరుకు మైకు కట్టింది, ఎవరింట్లో గింజలు లేవో చెప్పింది సర్పంచులే. 2019లో ఎన్నికైన వాళ్ల పదవీకాలం 2024 జనవరి 31తో ముగిసింది. తర్వాత ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. ఈ మధ్య దాదాపు రెండేళ్లు తెలంగాణ పల్లెలు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. ఒక్కో అధికారికి కొన్ని ఊళ్లు, పైగా అసలు ఉద్యోగం వేరే. ఆ రెండేళ్లలో ఇంకో వైరస్ దిగి ఉంటే బయ్యారం మండలంలోని ఒక తండాలో రాత్రి పూట ఎవరి తలుపు తట్టాలో తండావాళ్లకూ తెలిసేది కాదు, జిల్లా కలెక్టరుకూ తెలిసేది కాదు.